ఫూగా 2 మిల్లీమీటర్లు

శ్రోతలందరికీ నమస్కారం.

నేను ఇటలీలో, మోడెనా దగ్గర ఉంటాను. ఇటాలియన్‌లో రాసినవాటిని ఇంగ్లీషులోకి మార్చడం, కొన్నిసార్లు నేరుగా ఇంగ్లీషులోనే రాసిపెట్టడం నా పని. జీతం ఇచ్చే కంపెనీ ఏదీ లేదు. ఎవరు పని ఇస్తే వాళ్లకు చేస్తాను, బిల్లు పంపుతాను, డబ్బు కోసం ఎదురుచూస్తాను. ఈ మూడింట్లో ఎక్కువ ఓపిక కావలసింది మూడోదానికే.

ఊరెళ్లినప్పుడల్లా చుట్టాలు అడిగేది ఒకటే. "ఇటలీలో ఇంగ్లీషుతో బతకడం ఏంటమ్మా?" న్యాయమైన ప్రశ్నే. మా ఇంటికి 20 కిలోమీటర్ల లోపు సస్సువోలో అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ టైల్స్ ఫ్యాక్టరీల మీదే బతుకుతాయి. తయారైన సరుకులో ఎక్కువ భాగం బయటి దేశాలకు పోతుంది. ఏటా సెప్టెంబరులో బొలోన్యాలో టైల్స్ ప్రదర్శన జరుగుతుంది. దానికి ముందు ప్రతి కంపెనీకీ కొత్త కేటలాగు కావాలి, అది ఇంగ్లీషులో కావాలి. మిలాన్ చుట్టూ ఫర్నిచర్, ప్రాతోలో బట్టలు, వెరోనాలో వైన్, అన్నిటిదీ ఇదే కథ. మన హైదరాబాదు అపార్ట్‌మెంట్ బ్రోషర్లలో "ఇటాలియన్ ఫినిష్" అని గర్వంగా వేస్తారు చూడండి, ఆ ఫినిష్ గురించి నాలుగు మంచి మాటలు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కూర్చుని రాయాలిగా. ఆ ఎవరో ఒకరిలో నేనొకదాన్ని.

మా ఆయన ఉద్యోగం మీద 2011లో ఇక్కడికి వచ్చాం. నాకు కుటుంబం తరఫున పర్మిట్ ఇచ్చారు. దాని మీద సొంతంగా పని పెట్టుకోవచ్చు. గుంటూరులో చేసిన ఎం.ఏ. ఇంగ్లీషు ఉంది. రెండేళ్లు సాయంత్రం బడికి వెళ్లి నేర్చుకున్న ఇటాలియన్ ఉంది. తెలుగును తూర్పు ఇటాలియన్ అంటారని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం, మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయని. తీరా నేర్చుకునేటప్పుడు నన్ను కాపాడింది అచ్చు కాదు, ఒత్తు. ఇటాలియన్‌లో "అన్నో" అంటే సంవత్సరం. ఒత్తు పోయి "ఆనో" అయిందా, అది రేడియోలో చెప్పకూడని శరీర భాగం. పైగా ఇటాలియన్‌లో "నా వయసు 30" అనరు, "నాకు 30 సంవత్సరాలున్నాయి" అంటారు. ఒత్తు పలకడం చేతకాని ఇంగ్లీషు, అమెరికా విద్యార్థులు మా తరగతిలో తమకు ఏవేవి ముప్పై ఉన్నాయని చెప్పుకునేవారో మీరే ఊహించుకోండి. అమ్మ, అన్న, అత్త అంటూ పెరిగినవాళ్లం, మనకా బాధ లేదు.

మొదటి పని 2013 చలికాలంలో వచ్చింది. ఒక ఏజెన్సీ పరీక్ష పెట్టి చూద్దామని టైల్స్ కేటలాగులోంచి ఒక పేజీ పంపింది. వర్ణనంతా బాగానే లాగించాను. చివర పట్టికలో ఒక వరుస ఉంది: ఫూగా 2 మి.మీ. నా దగ్గరున్న చిన్న నిఘంటువు తీస్తే, ఫూగా అంటే పారిపోవడం. గ్యాస్ లీకైనా ఫూగానే. పాశ్చాత్య సంగీతంలో ఒక రకం రచన కూడా ఫూగానే. రెండు మిల్లీమీటర్ల పారిపోవడం ఏమిటో అర్థం కాలేదు. బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాను. టైలుకూ టైలుకూ మధ్య సన్నని గీత కనపడింది. ఓహో, సందు! ఇటాలియన్ అర్థమైంది. ఇప్పుడు ఇంగ్లీషు కావాలి. ఎం.ఏ.లో షేక్‌స్పియర్ చదివాను కానీ, టైల్స్ మధ్య సందుల్లో నింపేదాన్ని ఏమంటారో ఏ నాటకంలోనూ లేదు.

మా గుంటూరు ఇంట్లో 2009లో పాత గచ్చు తీయించి టైల్స్ వేయించారు. మేస్త్రి చిన్న చిన్న ప్లాస్టిక్ ప్లస్సులు మధ్యలో పెట్టుకుంటూ పోవడం గుర్తొచ్చింది. వెంటనే నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, మనింట్లో టైల్స్ మధ్య సందుల్లో నింపారే, దాన్నేమన్నాడు మేస్త్రి?"

"ఇప్పుడెందుకే అది? వైట్ సిమెంటు."

"అది కాదు నాన్నా, ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి ఎక్కువ అడిగాడుగా."

"ఆఁ, గ్రౌటింగు. విడిగా రెండు వేలు తీసుకున్నాడు. ప్లస్సులకేమో స్పేసర్లన్నాడు, వాటికీ డబ్బే."

గ్రౌట్, జాయింట్, స్పేసర్. పట్టిక మొత్తం విడిపోయింది. నాన్నకు ఇప్పటికీ మింగుడుపడని ఆ రెండు వేలు నాకు మాత్రం ఆ రోజే గిట్టుబాటయ్యాయి.

పరీక్ష పాసయ్యాను. తర్వాత ఒక ఫారం పంపారు. అందులో ఒక గడి ఉంది: మాద్రెలింగ్వా. అంటే మాతృభాష. ఇటలీలో ఈ పని కోసం వచ్చే ప్రతి ప్రకటనలోనూ ఈ మాట ఉంటుంది, "ఇంగ్లీషు మాతృభాషగా గలవారే" అని. ఇంగ్లీషు అని రాస్తే మా అమ్మకు అన్యాయం చేసినట్టు. తెలుగు అని రాస్తే పని పోతుంది. గడి ఖాళీగా వదిలేసి పంపాను. మర్నాడు ఏజెన్సీ ఆవిడ ఫోన్ చేసింది. "దొత్తొరెస్సా, మీరు ఇంగ్లీషువారా, అమెరికనా?" ఇక్కడ డిగ్రీ ఉన్న ప్రతి ఒక్కరూ డాక్టరు గారే, అది వేరే కథ. ఇండియన్ అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అయితే ద్విభాషి అని రాసుకుంటాం లెండి" అంది. మాతృభాష వాళ్లకు పేజీకి 16 యూరోలు, ద్విభాషికి 12. ఒప్పుకున్నాను. కొత్తలో ఎవరైనా ఒప్పుకుంటారు.

నిజం చెప్పాలంటే, ఎవరి భాషలోకి వాళ్లే అనువదించాలన్న నియమం తప్పు కాదు. కవిత్వమో నవలో అయితే నేనూ అదే అంటాను. కానీ నేను రాసే ఇంగ్లీషు ఎవరు చదువుతున్నారో చూడండి. పోలెండులో షాపువాడు, దుబాయిలో కాంట్రాక్టరు, కొరియాలో ఆర్కిటెక్టు. వాళ్లెవరికీ ఇంగ్లీషు అమ్మ నేర్పిన భాష కాదు. నాలాగే బళ్లో నేర్చుకున్నారు. లండన్ నుడికారం వేసి రాస్తే వాళ్లు నిఘంటువు తీయాలి. ఈ సంగతి ఆ ఏజెన్సీ ఆవిడకు చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. చెప్పిన తర్వాత నా పేజీకీ 16 అయింది.

పేజీ అన్నాను కానీ, ఇక్కడ లెక్క పదాల్లో కాదు, కార్తెల్లాల్లో. టైపు మిషన్ల కాలం నాటి కొలత. వరుసకు 60 అక్షరాలు, 25 వరుసలు, ఖాళీలతో కలిపి 1500. పుస్తకాల అనువాదానికి 30 వరుసలు, 1800. టైపు మిషన్ పోయింది, కొలత మిగిలింది. మనం ఇప్పటికీ స్థలాన్ని గజాల్లో అడగడం లేదూ, అలాగే.

ఈ కొలతలో ఒక తిరకాసుంది. చాలామంది కార్తెల్లాలు లెక్కపెట్టేది అనువాదంలో, మూలంలో కాదు. ఇటాలియన్ కేటలాగు వాక్యం ఎలా ఉంటుందంటే, "యుగయుగాల నిశ్శబ్దాన్ని తనలో దాచుకున్న శిలాస్మృతి నుంచి ప్రేరణ పొంది, కాలానికి అతీతమైన సొగసుతో నేటి నివాసాలతో సంభాషించే ఉపరితలం." ఇటాలియన్‌లో వింటే నిజంగానే బాగుంటుంది, పాటలా సాగుతుంది. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే మతి చలించినవాడి మాటల్లా ఉంటుంది. నేను చేసేదల్లా, ఇది రాయిలా కనిపిస్తుంది, కాలికి మెత్తగా తగులుతుంది, జారదు అని రాయడం. బాగా కుదించినకొద్దీ అక్షరాలు తగ్గుతాయి, నా డబ్బూ తగ్గుతుంది. పని ఎంత బాగా చేస్తే అంత తక్కువ ముట్టే వృత్తి ఇంకేదైనా ఉంటే చెప్పండి. పైగా కంపెనీ యజమాని ఫోన్ చేసి, "మా వాక్యంలో మిగతాదంతా ఏమైంది?" అని అడుగుతాడు. ఇప్పుడు నేను మూలంలోని అక్షరాలకే బిల్లు వేస్తాను. నిశ్శబ్దానికీ స్మృతికీ కూడా.

ఆ మెత్తదనానికి ఇటాలియన్ మాట "మోర్బిదో". ఇంగ్లీషులో అచ్చం అలాగే వినిపించే మాటకు చావు వాసన వేసే అర్థం ఉంది. నేను చేరకముందు ఒక కేటలాగులో ఆ మాటే పడి, అచ్చై, ప్రదర్శనకు కూడా వెళ్లిపోయింది. చావు కళ ఉట్టిపడే బాత్రూమ్ టైల్స్ ఎవరైనా కొన్నారో లేదో మరి.

ఇక పన్నుల సంగతి. పని మొదలుపెట్టాలంటే పార్తీతా ఈవా అనే 11 అంకెల పన్ను నంబరు తీసుకోవాలి. తీసుకోవడం ఉచితం, ఉంచుకోవడమే ఖరీదు. ఏడాదికి 85 వేల యూరోల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఒక తేలిక పద్ధతి ఉంది. మా వృత్తిలో 100 యూరోలు వస్తే 22 ఖర్చులనుకుని వదిలేసి, 78 మీద లెక్క కడతారు. అందులో 26 శాతం దాకా పింఛను ఖాతాకు పోతుంది, మిగిలినదాని మీద 15 శాతం పన్ను. మొత్తం మీద 100కు 71 దాకా చేతిలో ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కొన్ని షరతుల మీద మొదటి అయిదేళ్లూ పన్ను 5 శాతమే.

వినడానికి బాగానే ఉంది. గండం రెండో ఏడాది జూన్‌లో వస్తుంది. మొదటి ఏడాది ఏమీ కట్టక్కర్లేదు, హాయిగా ఖర్చుపెట్టేస్తాం. జూన్‌లో కిందటేడాది బకాయి మొత్తం కట్టాలి, దాంతోపాటే ఈ ఏడాదికి అడ్వాన్సు కట్టాలి. ఇంకా సంపాదించని డబ్బు మీద అన్నమాట. నవంబరులో అడ్వాన్సు రెండో వాయిదా. ఈ సంగతి నాకు మా అకౌంటెంటు మొదటి ఏడాదే చెప్పాడట. అప్పటికి నా ఇటాలియన్‌కు అది అందలేదు. ఆ జూన్‌లో నా గాజులు బ్యాంకు లాకరు దాటలేదంటే అది మా ఆయన జీతం పుణ్యం.

వసూళ్ల గురించి ఎక్కువ చెప్పను, బీపీ పెరుగుతుంది. 60 రోజులకు మించి గడువు పెట్టే ఒప్పందం చెల్లదని 2017లో చట్టం వచ్చింది. చట్టం ఉంది, అయినా ఫోన్లు చేస్తూనే ఉండాలి. ఆగస్టులో అదీ కుదరదు. ఆగస్టు 15 ఇక్కడ ఫెర్రగోస్తో పండగ. దానికి రెండు వారాలు అటూ ఇటూ దేశం మొత్తం సముద్రపు ఒడ్డున ఉంటుంది. జులై 31 సాయంత్రం మాత్రం అందరూ "అర్జెంట్" అని మెయిల్ పెట్టి వెళతారు, సెప్టెంబరు 1కి కావాలని. మన సంక్రాంతికి ముందు టైలర్ల పరిస్థితి మాది.

ఇటలీలో ఇంగ్లీషుతో పొట్టపోసుకున్నవాళ్లలో పెద్దవాళ్లున్నారు. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ 1905 నుంచి త్రియెస్తెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు (ఆ ఊరు అప్పటికింకా ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేది లెండి), మధ్యలో కొన్ని నెలలు రోమ్‌లో ఒక బ్యాంకులో ఉత్తరాలు రాసే గుమాస్తాగా చేశాడు. విలియం వీవర్ అనే అమెరికన్, ఉంబెర్తో ఎకో మొదటి నవలను 1983లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. దాని మీద వచ్చిన డబ్బుతో తోస్కానాలో తన ఇంటికి ఒక గది కట్టుకుని, దానికి ఎకో చాంబర్ అని పేరు పెట్టుకున్నాడు. రచయిత పేరూ వచ్చింది, ప్రతిధ్వని అన్న అర్థమూ వచ్చింది. నా టైల్స్ డబ్బుతో గది కట్టలేదు కానీ, బాత్రూమ్ నేల మార్పించాను. ఫూగా సరిగ్గా 2 మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి చూశాను.

ఇప్పుడు మెషిన్ అనువాదం వచ్చింది. "మెషిన్ చేసేసింది, మీరు ఒకసారి చూసి పెట్టండి, సగం రేటు" అంటున్నారు. మెషిన్ చాలా బాగా చేస్తోంది, కాదనను. ఫూగా దగ్గర అది ఇప్పుడు తడబడదు. తడబడేది మర్యాద దగ్గర. ఇటాలియన్‌లో "తు" అంటే నువ్వు, "లెయి" అంటే మీరు. ఒక ఉత్తరాల కట్టలో యజమాని మేనేజరును అన్నాళ్లూ మీరు అని, గొడవ జరిగిన రోజు నుంచి నువ్వు అన్నాడు. ఇంగ్లీషులో రెండూ ఒకటే అయిపోయి, అసలు గొడవ ఎక్కడ మొదలైందో కనపడకుండా పోయింది. నువ్వు, మీరు మధ్య ఎంత దూరం ఉందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చోట ఒక పొడి వాక్యం, పేరుకు ముందు గౌరవం తీసేసిన ఒక సంబోధన పెట్టాను. ఆ పనికి పూర్తి రేటే అడిగాను, ఇచ్చారు.

పోయిన నెల ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పాప జనన ధ్రువపత్రాన్ని ఇటాలియన్‌లోకి మార్చి, కోర్టులో ప్రమాణం చేసి ఇవ్వాలి. ఇలాంటివి అప్పుడప్పుడు చేస్తుంటాను. నాలుగు పేజీలకు ఒక 16 యూరోల స్టాంపు. గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లీషు పక్కన ఉన్న గుండ్రటి అక్షరాల మీద వేలు పెట్టి, ఇదేం భాష అన్నాడు. తెలుగు అన్నాను. మీకెలా వచ్చు అన్నాడు.

"మాద్రెలింగ్వా" అన్నాను.

సరేనన్నట్టు తలూపి, స్టాంపు వంకరగా అతికించానని చూపించాడు.

నమస్కారం.