ఆశాల శిక్షణ: హాల్లో నేర్పేది, ఇంట్లో చేసేది

అందరికీ నమస్కారం. ఉమ్మడి వరంగల్ జిల్లా పీహెచ్‌సీల డాక్టర్లు, సూపర్‌వైజర్లు, ఏఎన్ఎంలు కూర్చున్న సభ ఇది. ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తల పథకం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిందనీ, వెయ్యి జనాభాకు ఒకరనీ మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లకు 8 రోజుల తొలి శిక్షణ. ఆపైన 6, 7 మాడ్యూళ్లు అనే పాఠ్యపుస్తకాలు నాలుగు విడతల్లో, విడతకు 5 రోజుల చొప్పున. అవి అయిపోగానే రిజిస్టర్‌లో పేరు పక్కన టిక్కు పడుతుంది. ఆ టిక్కు పడ్డాక ఇక ఎవరూ అటు చూడరు. నా ఫిర్యాదు దాని మీదే. ఊపిరి లెక్క, తూకం లాంటి చేతిపని ఐదు రోజుల్లో వస్తుంది, వాడకపోతే ఆరు నెలల్లో పోతుంది. అందుకే పెద్ద హాల్లో జరిగే శిక్షణ కన్నా, పీహెచ్‌సీలో నెలనెలా జరిగే ఆశా డే మీద ఎక్కువ మనసు పెట్టాలంటాను. ఇప్పుడు ఆశా డే అంటే రిపోర్టులు ఇవ్వడం, సంతకాలు పెట్టడం, బస్సు అందుకోవడం. అందులోంచి నలభై నిమిషాలు చేతిపనికి తీయండి, చాలు.

ఆ నలభై నిమిషాల్లో ఏం చేయాలి? శ్వాస లెక్కతో మొదలుపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గాని, అంతకు మించి గాని ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఈ అంకెలు అడిగితే అందరూ గడగడా అప్పజెప్తారు. లెక్కపెట్టమంటే తెలుస్తుంది అసలు సంగతి. నెల వయసు బిడ్డ పొట్ట కనిపించేలా ఒక నిమిషం వీడియో ముందే తీసి పెట్టుకోండి, తల్లిని అడిగి. శిక్షకులిద్దరు విడివిడిగా లెక్కపెట్టి ఒక అంకె ఖాయం చేసుకోవాలి. 48 అనుకుందాం. అప్పుడు ఆశాలకు చూపించి, ఎవరి అంకె వాళ్లు చీటీ మీద రాయమనండి, పైకి చెప్పనివ్వకండి. పైకి చెప్తే సీనియర్ అక్క ఏం చెప్తే అందరిదీ అదే అవుతుంది. చీటీలు విప్పితే తప్పు ఎక్కడుందో అంకే చెబుతుంది. 96 రాసినవాళ్లు పొట్ట లేచినప్పుడొకటి, దిగినప్పుడొకటి లెక్కపెట్టారు. 36 అనో 62 అనో రాసినవాళ్లు బహుశా అరనిమిషం చూసి రెట్టింపు చేశారు. పసికందు ఊపిరి కాసేపు మందగించి, మళ్లీ వేగం అందుకుంటుంది కాబట్టి నిండు నిమిషం చూడాల్సిందే. ఆ 62 మీద ఆధారపడితే బాగున్న బిడ్డను వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పంపుతాం. ఆ 36 అలవాటైతే నిమ్ము ఉన్న బిడ్డను ఇంట్లోనే ఉంచేస్తాం. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క వద్దని కూడా అక్కడే చెప్పండి.

తూకం రెండోది. ఊయల గుడ్డ తగిలించాకే ముల్లు సున్నాకు తేవాలి. చాలామంది ఖాళీ కొక్కేనికే సున్నా చూసి, తర్వాత గుడ్డ తగిలిస్తారు. గుడ్డ 200 గ్రాములుంటే 2.4 కిలోల బిడ్డ 2.6 అయిపోతుంది. 2.5 కిలోల లోపు తక్కువ బరువు కాబట్టి, ఎక్కువ కనిపెట్టుకోవాల్సిన బిడ్డ ఆ జాబితాలోంచే జారిపోతుంది. ప్రతి ఆశా డేకు తూనిక వెంట తెమ్మనండి. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్లు రెండు తగిలించి చూడండి. రెండు కిలోలు చూపించని తూనికను ఆ రోజే పక్కన పెట్టాలి. థర్మామీటర్‌కు బ్యాటరీ అయిపోయి, చేత్తో నుదురు తాకి 98 అని రాసే అలవాటు ఒకటుంది. చంకలో 97కు తగ్గితే బిడ్డ చల్లబడుతున్నట్టు, 99 దాటితే జ్వరం. ఇంత చిన్న తేడా చేతికి తెలియదు. బ్యాటరీలకు పీహెచ్‌సీ ఖర్చులోంచి కొంత తీసిపెట్టుకోండి. శిక్షణ బాగా జరిగీ పని జరగకపోవడానికి ఇలాంటి చిల్లర కారణాలే ఎక్కువ.

ఇక కాన్పు తర్వాత ఆశా చేసే ఇంటి సందర్శనలు. ఆసుపత్రి కాన్పుకు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు. ఇంట్లో కాన్పైతే మొదటి రోజుతో కలిపి ఏడు. మాడ్యూల్ ఇలా నేర్పుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, 60.7 శాతం సిజేరియన్లు. కోత పడిన బాలింత మూడో రోజుకు ఇంట్లో ఎలా ఉంటుంది? అయినా రిజిస్టర్లలో మూడో రోజు సందర్శన నిండే ఉంటుంది, ఎందుకంటే గడి ఖాళీ వదిలితే ఈ సందర్శనలన్నిటికీ కలిపి వచ్చే 250 రూపాయలు పోతాయని భయం. కేంద్ర మార్గదర్శకాల్లో దీనికి దారి ఉంది: సిజేరియన్‌కు 7వ రోజు నుంచి 42వ రోజు వరకు ఐదూ పూర్తి చేస్తే మొత్తం పారితోషికం వస్తుంది. ఆ మాట శిక్షణలోనే చెబితే దొంగ రాత సగం తగ్గుతుంది.

తొలిచూలు అయితే మన దగ్గర పుట్టింటికి తీసుకుపోతారు. పేరు పర్వతగిరిలో, బిడ్డ నర్సంపేటలో. అక్కడి ఆశాకు ఆమె తన లిస్టులో లేదు. ఇక్కడి ఆశాకు ఆమె ఊళ్లో లేదు. బిడ్డ ఇద్దరి మధ్యా పడిపోతుంది. ఇద్దరూ మూడేసి సందర్శనలు చేస్తే చెరొక 125 తీసుకోవచ్చు. ఏడో నెలలోనే "కాన్పు ఎక్కడ?" అని అడిగి, అటువైపు ఆశాకు ఫోన్ చేసి పేరు, తేదీ, రక్తం శాతం చెప్పడం ఒక అభ్యాసంగా చేయించండి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఫోన్లో మాట్లాడినట్టు మాట్లాడిస్తే పది నిమిషాల పని.

బీపీ, షుగర్ సర్వే ఫారాల మీద ఎక్కువ చెప్పను. 30 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ నింపాలి, అందులో ప్రమాద స్కోరు 4 దాటినవాళ్లను ముందుగా పరీక్షకు పంపాలి. నేర్చుకోవడం తేలిక, ఓపికే కావాలి.

ఏజెన్సీ సంగతి వేరు. ఏటూరునాగారం, తాడ్వాయి, వెంకటాపురం వైపు మలేరియా ఆర్డీటీ (రక్తపు చుక్కతో అక్కడికక్కడే చేసే పరీక్ష) శిక్షణ వానలకు ముందే, జూన్ లోపు అయిపోవాలి. వాగులు పొంగాక గూడేల్లోంచి ఎవరూ రాలేరు. కిట్లు రేకుల ఇంట్లో అటక మీద పెడితే ఎండకు పాడవుతాయి. కింద, గోడ చల్లగా ఉన్న చోట ఉంచమనండి. గీత చూడాల్సిన సమయం ప్యాకెట్ మీదే ఉంటుంది. గంట తర్వాత చూసి "అదిగో, లేతగా వచ్చింది" అంటే నమ్మొద్దు. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు మలేరియా మందు ప్రైమాక్విన్ ఇవ్వొద్దన్నది నోటికి రావాలి. కోయ మాట్లాడే ఆశా ఒకామెతో ఈ భాగం చెప్పించండి. తెలుగులో శిక్షకుడు చెప్పినప్పుడు తల ఊపినవాళ్లు, ఆమె చెప్పినప్పుడు ప్రశ్నలు అడుగుతారు.

బ్యాచ్ 30 మందికి మించనీయకండి. నలుగురికి ఒక తూనిక, ఒక బొమ్మ బిడ్డ లేకుంటే ముందు కూర్చున్నవాళ్లే చేస్తారు, వెనకవాళ్లు చూస్తారు. తేదీలు వేసేటప్పుడు క్యాలెండర్ ఒక్కటే చూడొద్దు. నాట్లు, పత్తి ఏరే రోజులు, మిర్చి కోతలు, మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసం: ఈ రోజుల్లో పిలిస్తే సగం మంది రారు, వచ్చినవాళ్ల మనసు పొలంలో ఉంటుంది. ఊరి మొదటి బస్సు దిగి వచ్చేసరికి పదిన్నర అవుతుంది కాబట్టి ముఖ్యమైన పాఠం పొద్దున తొమ్మిదికి పెట్టొద్దు. చంటిపిల్లతో వచ్చే తల్లికి ఒక గది, చూసుకునే మనిషి ఉండాలి. ప్రయాణ ఖర్చు (టీఏ) చివరి రోజే చేతిలో పడాలి. మూడు నెలలు ఆలస్యమైతే తర్వాతి బ్యాచ్ హాజరులో అది కనిపిస్తుంది.

ఇక ఖాళీలు. ఒక ఆశా మానేసి కొత్తామె వస్తే, తొలి శిక్షణ బ్యాచ్ నిండేదాకా ఆమె ఏం నేర్చుకోకుండానే తిరుగుతుంది. ఆ మధ్యకాలానికి పక్క ఊరి ఆశా వెంట పంపండి: రెండు బాలింత ఇళ్లు, ఒక టీకాల రోజు, ఒక గర్భిణి నమోదు. పంపేటప్పుడు ఆ పక్క ఊరి ఆశాకు రోజుకూలీ పోకుండా ఏదో ఒక పద్దులో చూపించండి. మానేసినామె డ్యూ లిస్టు (టీకాలు, పరీక్షలు అందాల్సినవాళ్ల జాబితా), సామాను ఏఎన్ఎం ఎదుట చేతులు మారాలి. లేకుంటే తూనిక ఒక ఇంట్లో, పని ఇంకొక ఇంట్లో ఉండిపోతాయి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. అంతకు ముందు, మీ పీహెచ్‌సీల నుంచి తెమ్మన్న తూనికలు టేబుల్ దగ్గరికి తీసుకురండి. ఉప్పు ప్యాకెట్లు ఇక్కడే ఉన్నాయి.