పైరగాలి వేళ డ్రోన్ ఎగరేస్తే

సభకు నమస్కారం. సర్పంచ్ గారికి, సెక్రటరీ గారికి, రైతు సేవా కేంద్రం అమ్మాయికి, మాస్టార్లకి, అందరికీ. పేర్లన్నీ చదువుతూ కూర్చుంటే ఈలోగా కరెంటు పోతుంది, వదిలేస్తున్నాను. చేలకి మందు కొట్టే కొత్త డ్రోన్‌కి కొబ్బరికాయ కొట్టారు, సంతోషం. రూల్స్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు.

మనకు వర్తించేవి 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్. ముందు బరువు చూస్తారు. 250 గ్రాముల వరకు నానో, రెండు కిలోల వరకు మైక్రో, ఆపైన 25 కిలోల దాకా స్మాల్. పది లీటర్ల మందు నింపుకుని లేచే డ్రోన్ మామూలుగా స్మాల్ కిందకే వస్తుంది. దానికి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉండాలి. నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, గుర్తింపు ఉన్న చోట శిక్షణ పొందితే ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. పెళ్లి వీడియోల కుర్రాళ్లూ, వెనకాల నవ్వకండి! మైక్రోకి సర్టిఫికెట్ అక్కర్లేదన్నది సరదాకి ఎగరేసేవాళ్ల మాట. డబ్బు పుచ్చుకుంటే వ్యాపారమే.

ప్రభుత్వం ఇచ్చిన డ్రోన్ మ్యాపులో గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా ఎవరినీ అడగక్కర్లేదు. మన రాజమండ్రి మధురపూడి విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యన 200 అడుగులే. ఇంకా దగ్గరికెళ్తే అనుమతి కావాలి. సంక్రాంతి ప్రభల తీర్థం లాంటి జన సందోహం ఉన్నప్పుడు ప్రభుత్వం 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్, అంటే డ్రోన్ ఎగరేయకూడని చోటు, పెట్టగలదు. కిందటేడు ఎగరేశామండీ అంటే కుదరదు. రూలు తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా.

కాగితం సంగతి అయింది. ఇప్పుడు నా గోడు వినండి.

దాళ్వా వరికి మా పక్క చేలో డ్రోన్‌తో మందు కొట్టారు. మధ్యాహ్నం దాటింది, పైరగాలి మొదలైంది. చేను దక్షిణాన, నా రొయ్యల చెరువు ఉత్తరాన. సాయంత్రానికి వనామీ రొయ్యలు పైకొచ్చి గిరగిరా తిరగడం మొదలెట్టాయి. నీటికి గాలి పట్టించే ఏరేటర్లన్నీ వేశాం. తెల్లారేసరికి గట్టంచున తెల్లగా తేలాయి. పట్టుబడికి బేరం కుదిరిన చెరువండీ! వెళ్లి అడిగితే పైలట్ కుర్రాడు మర్యాదగానే అన్నీ చూపించాడు. సర్టిఫికెట్ ఉంది, నంబరు ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. ఎగిరిన ఎత్తు కూడా సరిగ్గానే ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లేమో గాలికొచ్చిన మందుకి రుజువేదన్నారు.

ఎందుకు చచ్చాయంటే, రొయ్య, పురుగు దగ్గర చుట్టాలు. రెండూ కీళ్లకాళ్ల జీవులే. సైపర్‌మెత్రిన్ లాంటి మందు పురుగు నరాల మీద ఎలా పనిచేస్తుందో రొయ్య మీదా అలాగే పనిచేస్తుంది. పైగా చేతి స్ప్రేయర్‌తో ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్లలో కలిపే మందుని డ్రోన్‌లో పది లీటర్లకే కలుపుతాం. సన్నటి తుంపర, చిక్కటి మందు. గాలికి ఎంత దూరమైనా పోతుంది. డ్రోన్ వద్దనడం లేదు సుమా. మందు డబ్బా వీపున మోసి కళ్లు తిరిగి పడ్డవాళ్లని మనమంతా చూశాం.

మరి దీనికి రూలు లేదా? ఉంది! డ్రోన్లు పుట్టకముందే ఉంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 43వది చదవండి. ఆకాశం నుంచి మందు చల్లాలంటే కనీసం 24 గంటల ముందు అధికారుల ద్వారా జనానికి తెలియజేయాలి, చల్లే చోటు గుర్తులు పెట్టాలి, సంబంధం లేని మనుషుల్నీ పశువుల్నీ రానివ్వకూడదు. విమానం కోసం రాసిందే, కానీ మన డ్రోన్ చల్లేదీ ఆకాశం నుంచే కదా.

అంచేత సెక్రటరీ గారూ, పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టించండి. ఏ చేను, ఏ మందు, ఏ పూట, గాలి ఎటు. ముందు రోజే రాసి మైకులో చెప్పించాలి. చెరువు పక్క చేలకి పొద్దున్నే, గాలి లేవకముందే కొట్టాలి, గట్టు వారన కొంత మేర చేత్తోనే కొట్టాలి. చెరువున్న వాళ్లం మన ఫోన్ నంబర్లు ఆ పుస్తకంలోనే రాద్దాం. నా నంబరు మొదటి పేజీలో వేసుకోండి.