హాన్సెల్, గ్రెటెల్‌లను అడవిలో వదిలేసింది ఎవరు?

నమస్తే అండీ. ఈ రోజు మనం మాట్లాడుకునేది జర్మన్ జానపద కథ హాన్సెల్, గ్రెటెల్ గురించి, దాని మీద వచ్చిన సినిమాల గురించి. స్పాయిలర్లు ఉంటాయి, ముందే చెప్తున్నా.

కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కరువు రోజులు. కట్టెలు కొట్టి బతికేవాడి ఇంట్లో తిండి అయిపోతుంది. అన్నాచెల్లెళ్ళను అడవిలో వదిలేస్తారు. దారి గుర్తుకోసం హాన్సెల్ చల్లిన రొట్టె ముక్కల్ని పిట్టలు తినేస్తాయి. తిరిగి తిరిగి, రొట్టెతో కట్టిన ఇంటికి చేరతారు. మన కథల్లో అయితే ఆ ఇంట్లో పేదరాశి పెద్దమ్మ ఉండేది, అన్నం పెట్టి పడుకోబెట్టేది. ఇక్కడుండేది ముసలి మంత్రగత్తె, ఇది కూడా కడుపునిండా పెడుతుంది, కానీ పిల్లాణ్ణి బలిపించి వండుకోవడానికి. చివరికి గ్రెటెల్ దాన్ని పొయ్యిలోకి తోసేసి అన్నను విడిపిస్తుంది.

అందరూ మంత్రగత్తె గురించే మాట్లాడతారు. నేను మాత్రం ఈ కథ మీద ఏది వచ్చినా ముందు ఒకటే చూస్తాను. పిల్లల్ని ఇంట్లోంచి పంపేసింది ఎవరు, ఎందుకు? చాలామంది దర్శకులు ఈ ప్రశ్న దగ్గరే తప్పుకుంటారు.

అసలు తప్పుకోవడం ఈ కథని సేకరించి అచ్చేసిన గ్రిమ్ సోదరులతోనే మొదలైంది. 1812 నాటి మొదటి ముద్రణలో పిల్లల్ని వదిలేద్దామన్నది కన్నతల్లే. 1840 ముద్రణకి వచ్చేసరికి ఆవిడ సవతి తల్లి అయిపోయింది. సవతి తల్లి అనగానే మనకి ప్రాణం కుదుటపడుతుంది కదా, ఆవిడ చెడ్డదే అనుకుని ముందుకెళ్ళిపోతాం.

మరి తండ్రి సంగతేంటి? కథలో ఒక చిన్న వివరం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లల్ని మంట దగ్గర కూర్చోబెట్టి, మేం కట్టెలు కొట్టుకొస్తాం అని పెద్దవాళ్ళు వెళ్ళిపోతారు. పిల్లలకి గొడ్డలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నాన్న దగ్గర్లోనే ఉన్నాడని ధైర్యంగా నిద్రపోతారు. కానీ అది గొడ్డలి కాదు. ఎండిన చెట్టుకి ఒక కొమ్మ కట్టి వదిలేశాడు, గాలికి అది కొట్టుకుంటోంది. కట్టింది తండ్రే! ఆ కొమ్మని అంత జాగ్రత్తగా కట్టిన మనిషిని కథ క్షమించేస్తుంది. పిల్లలు తిరిగొచ్చేసరికి తల్లి చచ్చిపోయి ఉంటుంది, తండ్రి మాత్రం వాళ్ళని చూసి సంబరపడతాడు. నాకు ఈ కథలో మంత్రగత్తె పొయ్యికన్నా ఇదే ఎక్కువ భయం.

సినిమాలకన్నా ముందు ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, ఒకటి వచ్చింది. జర్మన్ సంగీతకారుడు హంపర్‌డింక్ కట్టిన దీన్ని 1893 డిసెంబర్ 23న జర్మనీలోని వైమార్‌లో మొదటిసారి వేశారు. పాటలు రాసింది ఆయన చెల్లెలు అడెల్‌హైడ్ వెట్టె. అందులో వదిలేయడమనేదే లేదు. ఇంట్లో ఉన్న ఒక్క కుండెడు పాలు ఒలికిపోతాయి, తల్లి కోపంలో పిల్లల్ని స్ట్రాబెర్రీలు కోసుకురమ్మని తరిమేస్తుంది. చీపుర్లమ్మే తండ్రి తిండి తీసుకుని ఇంటికొచ్చి, పిల్లలేరని హడలిపోతాడు. సంగీతం అద్భుతం, పిల్లలు నిద్రపోయే ముందు పాడే ప్రార్థన అయితే మళ్ళీ మళ్ళీ వినాలనిపిస్తుంది. అయినా అది కరువు కథ కాదు, ఒక కోపం కథ. కుండ పగిలితే కొట్టే తల్లిని మనం అర్థం చేసుకోగలం. సమస్య అదే, అంత సులువుగా అర్థం కాకూడదు.

ఇక సినిమాలు. 2013లో వచ్చిన ‘విచ్ హంటర్స్’లో తల్లిదండ్రులు పిల్లల్ని కాపాడటానికే అడవిలో వదిలారని తేలుతుంది. అంటే తప్పు మొత్తం తుడిచేశారు. ఒక్క ఆలోచన మాత్రం బాగుంది, మంత్రగత్తె చిన్నప్పుడు బలవంతంగా తినిపించిన తీపి వల్ల హాన్సెల్ పెద్దయ్యాక కూడా ఇంజెక్షన్ వేసుకుంటూ ఉంటాడు. 2020 నాటి ‘గ్రెటెల్ అండ్ హాన్సెల్’లో గ్రెటెల్ పెద్దది, మంత్రగత్తె తన విద్య నేర్పిస్తానంటుంది. చూడటానికి బొమ్మ గీసినట్టుంటుంది, కానీ తమ్ముడు పక్కకి జరిగిపోయాడు.

నాకు నచ్చింది 2007 నాటి కొరియన్ సినిమా, దర్శకుడు ఇమ్ పిల్ సంగ్. పేరు అదే, కథ మాత్రం తిరగేశారు. ఇక్కడ దారి తప్పేది పెద్దవాడు. తండ్రి కాబోతున్న ఒక యువకుడు, కారు యాక్సిడెంటై, అడవిలో ఒక ఇంటికి చేరతాడు. ముగ్గురు పిల్లలు, గోడల నిండా బొమ్మలు, బల్ల మీద కేకులు. ఎటు నడిచినా మళ్ళీ ఆ ఇంటికే వస్తాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళని వెళ్ళనివ్వరు. ఎందుకంటే వాళ్ళు అనాథాశ్రమంలో పెద్దవాళ్ళ చేతుల్లోనే నరకం చూసినవాళ్ళు. ఈసారి మమ్మల్ని వదిలి వెళ్ళొద్దు అన్నదే వాళ్ళ కోరిక, దానికోసం ఎంతకైనా తెగిస్తారు. గ్రిమ్ కథని అక్షరం అక్షరం తీసినవాళ్ళెవరూ అందుకోని బాధని ఈయన అందుకున్నాడు. నిడివి కాస్త తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒపెరా పెట్టండి, హాయిగా చూస్తారు. కొరియన్ సినిమా మాత్రం వాళ్ళు పడుకున్నాక చూడండి. మంత్రగత్తె ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడకుండా, ఆ పెద్ద పిల్లాడి ముఖాన్ని గమనించండి.