ఇండక్షన్ స్టవ్‌ని ఒకసారి బోర్లించి చూడండి

నమస్కారమండీ. మా మొదటి ఇండక్షన్ స్టవ్ ఏడాదికే మూలపడింది. పైన గాజు మాత్రం అద్దంలా ఉండేది, రోజూ తుడిచేదాన్ని మరి. రిపేరు చేసే అతను అడుగు విప్పితే లోపల బొద్దింకలు, తాలింపు జిడ్డు పట్టిన దుమ్ము! గట్టు పాడవకూడదని కింద నేను పరిచిన ప్లాస్టిక్ షీటు కూడా ఫ్యాన్‌కి అడ్డం పడిందట. "వేడికి పోలేదమ్మా, ఊపిరాడక పోయింది" అన్నాడు.

అసలు ఆ గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి 20 వేల సార్లకు పైగా దిశ మార్చుకుంటూ పారుతుంది. దాంతో పుట్టే అయస్కాంత శక్తి గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది. గాజుకి వేడి వచ్చేది గిన్నె నుంచే. కానీ లోపలి తీగ, సర్క్యూట్ కూడా కాగుతాయి కదా, వాటికి దిక్కు ఆ చిన్న ఫ్యానే. వంటయ్యాక కూడా అది కాసేపు తిరిగేది అందుకే. మనమేమో బిల్లు భయంతో గోడ స్విచ్ టక్కున కట్టేస్తాం! అది ఆగేదాకా ఆగండి. కింద గుడ్డలూ పేపర్లూ వద్దు. గోడకి కనీసం 10 సెంటీమీటర్లు ఎడంగా పెట్టండి.

2000 వాట్ల స్టవ్ ఫుల్లులో దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి అది మోయలేని బరువు, ప్లగ్గు నల్లబడిపోతుంది. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలొద్దు.

గిన్నెల సంగతంటారా, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం బొమ్మ తీసి గిన్నె అడుగున పెట్టండి. గట్టిగా పట్టుకుంటే సరే, జారిపోతే ఆ గిన్నె గ్యాస్ మీదకే. మామూలు అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి పాత్రలు పనిచేయవు. స్టీలువి కూడా అన్నీ పనికిరావు.

దోసెల దగ్గర నాకూ దీనితో పేచీయే. తీగ చుట్ట కన్నా పెనం పెద్దదైతే మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగానే ఉంటాయి. తక్కువలో పెట్టి నిదానంగా కాగనిస్తే కొంత నయం. తాలింపుకైతే అన్నీ చేతి దగ్గర పెట్టుకున్నాకే ఆన్ చేయండి. ఖాళీ మూకుడు పెట్టి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళారా, అంతే సంగతులు. కాల్చిన వంకాయ పచ్చడికి మాత్రం గ్యాసేనండీ, అందులో మొహమాటం లేదు.

పాలు పొంగితే ఆపేసి, చల్లారాక మెత్తటి తడి గుడ్డతో తుడవండి. స్టీలు పీచు తగిలితే గాజుకి గీతలే. కుళాయి కింద పెట్టి కడిగేవాళ్ళూ ఉన్నారు, దయచేసి వద్దు! గాజు బీటేస్తే ప్లగ్గు తీసేయండి, ఇక దాని మీద వండొద్దు.

ఇదిగో, ప్లగ్గు తీసి మా కొత్త స్టవ్ బోర్లిస్తున్నా. పాత టూత్‌బ్రష్‌తో ఈ సందుల్లో ఇలా పొడిగా దులపాలి. చూశారా... ఇదంతా నెల రోజుల దుమ్మే!