పాత ఖాతా ఉంచాలా, మూసెయ్యాలా? మళ్లీ రాజుకున్న మినిమం బ్యాలెన్స్ రగడ

(ఆగస్టు 1 నుంచి తెరిచే కొత్త సేవింగ్స్ ఖాతాల్లో మెట్రో, నగర ప్రాంతాల వాళ్లు నెలకు సగటున 50,000 రూపాయలు ఉంచాలని ఐసీఐసీఐ బ్యాంక్ అనడం, గోల రేగాక 13వ తేదీన ఆ మొత్తాన్ని 15,000కు దించడం పాఠకులకు తెలిసిందే. 2025 ఆగస్టు మూడో వారంలో హైదరాబాద్‌ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. పాల్గొన్నవారు: ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరైన మేనేజర్, ఒక చార్టర్డ్ అకౌంటెంట్, వినియోగదారుల హక్కుల కార్యకర్త. ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఉద్యోగం మారాం, బ్యాంకు మారాం. పాత ఖాతా మాత్రం అలాగే పడి ఉంది. దాన్ని ఉంచాలా, మూసెయ్యాలా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను, ఎవరూ కంగారు పడొద్దు. మేనేజర్ గారూ, ముందు మీరు. నంబర్ మారకుండా ఫోన్ కంపెనీ మార్చుకునే సౌకర్యం 2011 నుంచి దేశమంతా ఉంది. బ్యాంకు ఖాతాకు ఎందుకు లేదు?

మాజీ మేనేజర్: వస్తానండీ దానికి. ముందు అసలు ప్రశ్న చూద్దాం. కోపంలో ఖాతా మూసేసి, ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ వచ్చి ఫారం అడిగినవాళ్లను చాలామందిని చూశాను. కాబట్టి తొందరపడి...

కార్యకర్త: తొందరేముందండీ ఇందులో? ఏళ్ల తరబడి బ్యాంకులు తింటున్నాయి. మినిమం బ్యాలెన్స్ లేదని ప్రభుత్వ రంగ బ్యాంకులు ఐదేళ్లలో సుమారు 8,500 కోట్లు వసూలు చేశాయని పోయినేడాది పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. ప్రైవేటు బ్యాంకులవి అందులో లేనేలేవు! ఎవరి డబ్బండీ అది? ఖాతాలో వెయ్యి ఉన్నోడిది. పది లక్షలు ఉన్నోడికి పెనాల్టీ పడదు కదా?

మాజీ మేనేజర్: స్టేట్ బ్యాంక్ 2020లోనే తీసేసింది సార్. ఈ వేసవిలో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంక్ కూడా...

కార్యకర్త: తీసేశారు, సంతోషం. కట్టించుకున్నది వెనక్కి ఇచ్చారా? చెప్పండి!

మాజీ మేనేజర్: అది వేరే విషయం.

కార్యకర్త: అదే అసలు విషయం!

యాంకర్: ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. సీఏ మేడం, మీరు చెప్పండి. వాడని ఖాతాలో బ్యాలెన్స్ లేకపోతే ఫైన్ పడుతుందా, పడదా?

సీఏ: రెండు దశలున్నాయండీ. రెండేళ్లకు మించి మనవైపు నుంచి ఏ లావాదేవీ లేకపోతే ఖాతాను వాడుకలో లేనిదిగా, అంటే ఇనాపరేటివ్‌గా మారుస్తారు. అలా మారాక మినిమం బ్యాలెన్స్ పెనాల్టీ వెయ్యకూడదు. మళ్లీ వాడుకలోకి తెచ్చుకోవడానికి రుసుమూ తీసుకోకూడదు. వడ్డీ మాత్రం వేస్తూనే ఉండాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఇది. చిక్కంతా ఆ మొదటి రెండేళ్లలోనే. అప్పటిదాకా అది మామూలు ఖాతానే కాబట్టి...

కార్యకర్త: కాబట్టి కోస్తారు! నేను చెప్పేదీ అదే!

సీఏ: అవునండీ, కొయ్యొచ్చు. కాకపోతే ఆ పెనాల్టీ వల్లనే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఆ నియమం 2015 నుంచే ఉంది. జనం ఎక్కువగా మోసపోయేది జీతం ఖాతాల దగ్గర. ఉద్యోగం మానేస్తాం, చాలా బ్యాంకుల్లో వరుసగా మూడు నెలలు జీతం పడకపోతే జీరో బ్యాలెన్స్ సౌకర్యం పోతుంది. మనకేమో అది ఇంకా జీరో బ్యాలెన్స్ అనే ధీమా. అందుకే మూసేముందు ఆ ఖాతాకు ఏమేం ముడిపడి ఉన్నాయో...

యాంకర్: మంచి పాయింట్, దానికి మళ్లీ వద్దాం. ఇదే పోర్టబిలిటీ, అంటే నంబర్ మారకుండా బ్యాంకు మార్చుకునే సౌకర్యం, ఉంటే ఈ తలనొప్పి ఉండేది కాదు కదా మేడం?

సీఏ: అది... సరే.

(తర్వాత దాదాపు నాలుగు నిమిషాలు కార్యకర్త ఒక్కరే మాట్లాడారు. సగం ఇదివరకు చెప్పిందే. కొత్తగా చెప్పినంత వరకు ఇస్తున్నాం.)

కార్యకర్త: ...డబ్బు సంగతి వదిలెయ్యండి, భద్రత చూడండి. పాత ఖాతాకు పాత ఫోన్ నంబర్ ఉంటుంది. ఆ సిమ్ ఎప్పుడో పడేశాం. తొంభై రోజులు దాటితే అదే నంబర్ ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ ఓటీపీ ఎవరికి పోతుంది? ఊరూ పేరూ తెలియని మనిషికి! ఇంకోటి, మ్యూల్ అకౌంట్లు, అంటే దొంగ డబ్బు మళ్లించడానికి వాడే వేరేవాళ్ల ఖాతాలు. సైబర్ నేరగాళ్లకు కావలసింది ఇలాంటి ఖాళీ ఖాతాలే. ఏటీఎం కార్డు, సిమ్ కలిపి ఇస్తే ఇంత ఇస్తామంటారు. కాలేజీ పిల్లలు ఆశపడి ఇచ్చేస్తున్నారు. తర్వాత ఏ రాష్ట్రం నుంచో పోలీసు నోటీసు వస్తుంది. తల్లిదండ్రులు లబోదిబోమంటారు. ఖాతా లేకుంటే ఈ గొడవే లేదు. మూసెయ్యండి! నేను నాలుగు మూసేశా.

మాజీ మేనేజర్: పిల్లాడు ఖాతా అద్దెకిచ్చాడంటే తప్పు ఖాతాది కాదు కదండీ. ఇక నంబర్ అంటారా, మార్పించుకుంటే సరిపోతుంది. దానికి ఖాతానే మూసెయ్యక్కర్లేదు.

కార్యకర్త: మార్పించుకోడానికి హోమ్ బ్రాంచికే రమ్మంటారు! శ్రీకాకుళంలో తెరిచిన ఖాతాకు హైదరాబాద్ నుంచి వెళ్లాలా?

మాజీ మేనేజర్: ఇనాపరేటివ్ ఖాతా అయితే కేవైసీ, అంటే గుర్తింపు, చిరునామా పత్రాలు, ఏ బ్రాంచిలోనైనా ఇవ్వొచ్చు. నిబంధన ఉంది.

కార్యకర్త: నిబంధన ఉంటుంది సార్, ఎప్పుడూ ఉంటుంది. కౌంటర్లో మనిషే ఉండడు!

(నవ్వులు)

యాంకర్: మేనేజర్ గారూ, మీకు పూర్తి అవకాశం ఇస్తున్నా. ఎందుకు ఉంచుకోవాలి?

మాజీ మేనేజర్: ఒక్క ఉదాహరణ చెబుతాను. 2020 మార్చి 5న యస్ బ్యాంక్ మీద మారటోరియం పెట్టారు. 50,000కు మించి తీసుకోడానికి లేదు. 18 దాకా అదే పరిస్థితి. ఆ ఒక్క ఖాతానే నమ్ముకున్నవాళ్ల అవస్థ నాకు బాగా గుర్తుంది. ఆసుపత్రి బిల్లులు, ఇంటి ఈఎంఐలు... అంతకుముందు ఏడాది పీఎంసీ సహకార బ్యాంకులోనైతే మొదట వెయ్యి రూపాయలే అన్నారు. డిపాజిట్ బీమా కూడా ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకే. కాబట్టి రెండో బ్యాంకులో ఒక ఖాతా ఉండటం తెలివైన పని. మినిమం బ్యాలెన్స్ అడగని బ్యాంకులో ఉంచుకోండి, ఏడాదికోసారి వంద రూపాయలు అటూ ఇటూ పంపండి. ఇనాపరేటివ్ కాదు.

కార్యకర్త: అంటే బ్యాంకులు మునుగుతాయని బ్యాంకు మేనేజరే ఒప్పుకుంటున్నారు! నోట్ చేసుకోండి!

మాజీ మేనేజర్: నేనలా అన్లేదు. అయ్యా, నేనలా...

యాంకర్: బ్రేకింగ్‌లో వేసేద్దామా? (నవ్వుతూ) సరదాకన్నాను సార్. కాలర్ లైన్లో ఉన్నారు, మచిలీపట్నం నుంచి ఒక రిటైర్డ్ టీచర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. నాకు మొదటి జీతం పడింది ఆంధ్రా బ్యాంకులో. పట్టాభి సీతారామయ్య గారు మా బందరులో పెట్టిన బ్యాంకు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు. ఇప్పుడు పెన్షన్ వేరే బ్యాంకులో పడుతోంది. పాతది మూసెయ్యమని మా అబ్బాయి గొడవ. నాకేమో మనసు ఒప్పట్లేదు.

యాంకర్: అబ్బ, ఎంత మంచి మాట చెప్పారమ్మా! 1923లో పుట్టిన బ్యాంకు. మన తెలుగువాళ్ల బ్యాంకు.

కార్యకర్త: స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఏమైంది? 2017లో అదీ పోయింది! మమ్మల్ని ఎవరైనా అడిగారా?

మాజీ మేనేజర్: విలీనంతో డబ్బుకు ఏమీ కాలేదండీ. ఐఎఫ్ఎస్‌సీ కోడ్, చెక్‌బుక్కులు మారాయి, అంతే.

కార్యకర్త: గ్రామీణ బ్యాంకులూ కలిపేశారు! మొన్న మే 1న ఆంధ్రప్రదేశ్‌లో నాలుగింటిని ఒకటి చేశారు. రైతుకు తన బ్యాంకు పేరేమిటో తెలియని పరిస్థితి!

(ఇక్కడి నుంచి విలీనాలు, తెలుగు బోర్డులు, కౌంటర్లో తెలుగు మాట్లాడని సిబ్బంది మీదికి చర్చ వెళ్లింది. ఆసక్తికరమే అయినా మన విషయం కాదు కాబట్టి వదిలేశాం.)

కాలర్: అయ్యా, నా ప్రశ్న...

సీఏ: అమ్మా, నేను చెబుతాను. మనసు ఒప్పకపోతే ఉంచుకోండి, తప్పేం లేదు. నామినీ పేరు ఉందో లేదో చూసుకోండి. మీ ఫోన్ నంబర్ ఇప్పటిదేనా చూసుకోండి. ఆ ఖాతా ఉన్నట్టు మీ అబ్బాయికి తెలియాలి. తెలిసిందిగా ఎలాగూ! పదేళ్లు ఎవరూ ముట్టుకోకపోతే ఆ డబ్బు రిజర్వ్ బ్యాంక్ దగ్గరి డిపాజిటర్ ఎడ్యుకేషన్ అండ్ అవేర్‌నెస్ ఫండ్‌కు వెళ్తుంది. వెళ్లినా మన హక్కు పోదు, బ్యాంకు ద్వారా అడిగి తెచ్చుకోవచ్చు. ఏ బ్యాంకులో ఏముందో ఉద్గమ్ పోర్టల్లో వెతకొచ్చు. 2023 ఆగస్టులో తెచ్చారు.

కార్యకర్త: 35 వేల కోట్లు! 2023 ఫిబ్రవరి నాటికి ఒక్క ప్రభుత్వ బ్యాంకులే రిజర్వ్ బ్యాంక్‌కు పంపించిన సొమ్మది. ఆ ఖాతాలు ముందే మూసేసి ఉంటే ఆ డబ్బు జేబులో ఉండేది కదా!

సీఏ: అందులో చాలా భాగం చనిపోయినవాళ్ల ఖాతాలవి ఉంటాయండీ. వారసులకు తెలియకపోవడం అసలు సమస్య.

కార్యకర్త: ఏదైతేనేం, మూస్తే సమస్యే లేదు.

యాంకర్: పోర్టబిలిటీ ఉంటే ఖాతా చనిపోయేదే కాదు. మేనేజర్ గారూ, ఇప్పుడైనా చెప్పండి, బ్యాంకులు ఎందుకు ఒప్పుకోవు?

మాజీ మేనేజర్: 2017లో అప్పటి రిజర్వ్ బ్యాంక్ డిప్యూటీ గవర్నర్ ముంద్రా గారు ఆ ఆలోచన బయటపెట్టారు. ఇప్పటికీ రాలేదు. ఖాతా నంబర్ ఏ బ్యాంకుది ఆ బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పుడుతుంది. ఒక్కొక్కరిది ఒక్కో పొడవు. ఫోన్ నంబర్‌లా అందరికీ పది అంకెలు కాదు.

సీఏ: సగం పోర్టబిలిటీ ఇప్పటికే ఉందండీ. యూపీఐ యాప్‌లో వెనకున్న బ్యాంకును మార్చుకుంటే అదే ఫోన్ నంబర్ మీద డబ్బు వస్తుంది. ఇబ్బంది పెట్టేది మిగతా సగం. ఆధార్‌తో వచ్చే ప్రభుత్వ డబ్బు చివరగా ఏ ఖాతాకు సీడింగ్ చేయించామో, అంటే ఆధార్‌తో ముడిపెట్టించామో, అక్కడికే పోతుంది. గ్యాస్ సబ్సిడీ గానీ, పీఎం కిసాన్ రెండు వేలు గానీ. మూసేముందు మై ఆధార్ పోర్టల్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకోవాలి. పీఎఫ్‌లో పాత ఖాతానే ఉంటే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఇన్‌కమ్‌టాక్స్ రిఫండ్ వచ్చే ఖాతా వ్యాలిడేట్ అయిందో లేదో చూడకుండా పాతది మూసేస్తే అదీ ఆగిపోతుంది. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లకు నెలనెలా పోయే సిప్...

యాంకర్: మేడం, క్షమించాలి, డాలస్ నుంచి కాలర్ చాలాసేపటిగా వెయిట్ చేస్తున్నారు. చెప్పండి సార్, క్లుప్తంగా.

కాలర్ 2: హలో, వినిపిస్తోందా? నేను ఇక్కడికి వచ్చేటప్పుడు అమీర్‌పేట బ్రాంచిలో సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచేశాను. నాన్న అప్పుడప్పుడూ కార్డు వాడుతుంటారు. ఉంచొచ్చా?

సీఏ: అలా ఉంచకూడదండీ. అక్కడ స్థిరపడ్డాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించాలి. విదేశీ మారక చట్టం ఫెమా నిబంధన ఇది. ఇంకో విషయం, మీ కార్డు నాన్నగారు వాడటం...

కార్యకర్త: మూసెయ్యండి బాబూ! అమెరికాలో ఉండి అమీర్‌పేట ఖాతా ఎందుకు?

మాజీ మేనేజర్: మూసేస్తే అద్దె డబ్బులు, ఎల్ఐసీ డబ్బులు ఎక్కడ వేయించుకుంటారండీ?

కార్యకర్త: అత్తగారి ఖాతాలో!

(నవ్వులు. కాలర్ లైన్ కట్ అయింది.)

యాంకర్: మూసే పద్ధతి కూడా చెప్పెయ్యండి మేనేజర్ గారూ, టైమ్ దగ్గర పడింది.

మాజీ మేనేజర్: ముందు కనీసం కొన్నేళ్ల స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకోండి. మూశాక నెట్ బ్యాంకింగ్ పోతుంది, తర్వాత ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లు అడిగితే మళ్లీ బ్రాంచి చుట్టూ తిరగాలి. క్లోజర్ ఫారం, మిగిలిన చెక్కులు, కార్డు ఇవ్వాలి. జాయింట్ అయితే అందరి సంతకాలూ కావాలి. తెరిచిన మొదటి 14 రోజుల్లోగానీ, ఏడాది దాటాక గానీ మూస్తే సాధారణంగా ఛార్జీ ఉండదు. మధ్యలో అయితే కొన్ని బ్యాంకులు వసూలు చేస్తాయి. మూసినట్టు కాగితం తప్పకుండా...

కార్యకర్త: చూశారా, లోపలికి రావడానికి సెల్ఫీ చాలు. బయటికి పోవడానికి ఇన్ని కాగితాలు!

యాంకర్: ఇది మాత్రం నిజం. చివరగా ఒక్కొక్కరూ ఒక్క మాట. అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు తగ్గుతుందా అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు మేడం, అది కూడా కలిపి చెప్పండి.

సీఏ: సేవింగ్స్ ఖాతా మూస్తే స్కోరుకు సంబంధం లేదు. దానికి ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే అది తీర్చాలి. ఇక ఉంచాలా మూయాలా అంటే ఒక్క మాటలో అందరికీ ఒకటే చెప్పలేమండీ. ఖాతాకు ఏవి లింకై ఉన్నాయో...

కార్యకర్త: మూసెయ్యాలి! రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గారే మొన్న గుజరాత్‌లో చెప్పారు, మినిమం బ్యాలెన్స్ బ్యాంకుల ఇష్టమని. వాళ్ల ఇష్టం వాళ్లదైతే మన ఇష్టం మనది. రేపే వెళ్లి మూసెయ్యండి!

యాంకర్: అద్భుతం. పోర్టబిలిటీ రావాలి, అప్పటిదాకా వాడని ఖాతా మూసెయ్యాలి. ఇదీ ఈ రోజు ప్యానెల్ అభిప్రాయం.

మాజీ మేనేజర్: ప్యానెల్ ఎక్కడండీ, నేను ఉంచుకోమన్నాను. మేడం అయితే అసలు ఏదీ...

కార్యకర్త: ఆయన పెన్షన్ బ్యాంకు నుంచే వస్తుంది, ఆయన అలాగే అంటారు!

మాజీ మేనేజర్: ఇది మర్యాద కాదండీ.

యాంకర్: థాంక్యూ, థాంక్యూ అందరికీ. చిన్న బ్రేక్ తర్వాత బంగారం ధరలు. ఇప్పుడు కొనాలా, ఆగాలా? సార్, మీరూ ఉండండి, వెళ్లకండి.

కార్యకర్త: బంగారం గురించైతే నేను రెండు ముక్కలు...

(బ్రేక్)