ఈ నిర్ణయం ఎవరిది?

శ్రోతలకు నమస్కారం. వైద్యంలో ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్నదాని గురించి ఇవాళ మాట్లాడతాను.

1960 దాకా రెండు కిడ్నీలూ పూర్తిగా చెడిపోయాయంటే చాలామందికి ఇక చేసేదేమీ ఉండేది కాదు. డయాలసిస్ యంత్రం అప్పటికే ఉంది. కానీ రోగికి దాన్ని తగిలించిన ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయాల్సి వచ్చేది. నాళాలు అయిపోతే వైద్యం కూడా అయిపోయినట్టే. ఆ ఏడాది అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు, తీయకుండా అలాగే ఉంచేసే చిన్న టెఫ్లాన్ గొట్టాన్ని రోగి చేతికి అమర్చాడు. దాంతో అదే చోటునుంచి మళ్లీ మళ్లీ డయాలసిస్ చేయడం సాధ్యమైంది. ఇక రోజులే అనుకున్నవాళ్లు ఏళ్ల తరబడి బతికారు.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. యంత్రాలు చూస్తే కొద్ది, రోగులేమో బోలెడు. 1962లో అక్కడ తెరిచిన కేంద్రంలో ఎవరిని చేర్చుకోవాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. అందులో ఒక లాయరు, ఒక పాస్టరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వ అధికారి, ఒక కార్మిక నాయకుడు, ఒక సర్జన్. వాళ్ల పేర్లు బయటికి రానివ్వలేదు. ఈ వైద్యం పనిచేస్తుందని డాక్టర్లు వడపోసి పంపినవాళ్లలోంచి ఈ కమిటీ ఎంచాలి. దేన్నిబట్టి ఎంచాలి? వయసు, పెళ్లి, పిల్లలు, ఆదాయం, చదువు, ఉద్యోగం, ముందుముందు సమాజానికి పనికొస్తారా లేదా, ఇవీ వాళ్లు చూసినవి. చర్చికి వెళ్లే అలవాటు కూడా మాటల్లోకి వచ్చింది. ఆ ఏడాదే ఒక పత్రిక ఈ సంగతి బయటపెట్టేసరికి చదివినవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆ కమిటీకి 'దేవుడి కమిటీ' అన్న పేరు పడిపోయింది.

ఆ ఏడుగురినీ తిట్టడం తేలిక. నాకు మాత్రం వాళ్లమీద కొంత గౌరవమే ఉంది. కిడ్నీ పాడైందా లేదా అన్నది డాక్టరు చెప్పగలడు. ఇద్దరిలో ఎవరు బతకాలి అన్న ప్రశ్నకు జవాబు ఏ వైద్య పుస్తకంలోనూ దొరకదు. ఇది వైద్యం తేల్చే విషయం కాదని వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లు పట్టుకున్న కొలతలే తప్పు. బయోఎథిక్స్ అని, జీవనైతికత అని ఇవాళ మనం పిలిచే ఆలోచన బలపడింది ఇలాంటి చిక్కుల్లోంచే. ఆసుపత్రిలో జరిగే చాలా నిర్ణయాలు పైకి వైద్యంలా కనిపిస్తాయి. కాస్త గీకి చూస్తే అవి విలువలకు సంబంధించిన నిర్ణయాలు. అందుకే ఏది మంచి అని అడిగేముందు, ఇది తేల్చాల్సింది ఎవరు అని అడగాలని నా అభిప్రాయం.

వైద్య విద్యార్థులకు నాలుగు సూత్రాలు చెబుతారు. రోగి నిర్ణయాన్ని గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయంగా పంచడం. 1979లో ఇద్దరు అమెరికన్ ఆచార్యులు వీటిని ఒకచోట చేర్చి వివరించారు. పరీక్షకు ఇవి చాలు. వార్డులోకి అడుగుపెట్టాక మాత్రం ఇవి ఒకదానితో ఒకటి గొడవ పడుతూ ఉంటాయి.

స్కాట్లాండ్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. 1999లో ఒక గర్భిణి. మధుమేహం ఉంది, మనిషి పొట్టి. మధుమేహం ఉన్న తల్లులకు బిడ్డ పెద్దగా పెరిగే అవకాశం ఎక్కువ. కాన్పులో తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కుపోవడం ఇలాంటి తల్లుల్లో నూటికి 9, 10 మందికి జరుగుతుంది. బిడ్డ పెద్దదేమో, మామూలు కాన్పు అవుతుందో కాదో అని ఆవిడ టెన్షన్ పడుతూ డాక్టరును అడిగింది. డాక్టరు ఈ ప్రమాదం సంగతి ఎత్తలేదు. ఎందుకంటే ఇరుక్కున్నా బిడ్డకు తీవ్రమైన హాని జరిగేది చాలా తక్కువమందిలోనే. పైగా చెబితే అందరూ సిజేరియనే కావాలంటారు, అది తల్లులకు మంచిది కాదు అన్నది ఆ డాక్టరు ఆలోచన. కాన్పులో భుజాలు ఇరుక్కున్నాయి. తల వచ్చాక బిడ్డ పూర్తిగా బయటికి రావడానికి 12 నిమిషాలు పట్టింది. బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని స్థితి, మిగిలింది.

ఆవిడ కింది కోర్టుల్లో ఓడిపోయింది. తోటి డాక్టర్లు ఎంత చెబుతారో అంత చెబితే చాలు అన్నది అప్పటిదాకా నడిచిన లెక్క. 2015లో యునైటెడ్ కింగ్‌డమ్ సుప్రీంకోర్టు ఆ లెక్క మార్చేసింది. ఆ స్థితిలో ఉన్న మనిషి ఏ ప్రమాదాన్ని ముఖ్యమనుకుంటుందో అది చెప్పి తీరాలి, వేరే దారులేమున్నాయో కూడా చెప్పాలి అంది. ఆ డాక్టరుకు దురుద్దేశం ఏమీ లేదు, రోగి మేలే కోరింది. కాకపోతే సిజేరియన్ నొప్పి, ప్రమాదం ఒకవైపు, బిడ్డకు వచ్చే ముప్పు ఒకవైపు పెట్టి తూచాల్సింది తల్లి. ఆవిడకు తెలియకుండానే ఆ తూకం డాక్టరు వేసేసింది.

సంతకం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు ఫారం చేతిలో పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ" అని వేలు చూపిస్తారు. ఆ కాగితం సమ్మతికి సాక్ష్యం మాత్రమే. అసలు సమ్మతి దానికి ముందు జరిగే మాటల్లో ఉంటుంది. ఏం చేయబోతున్నారు, ఎందుకు, ఏమేం తేడా రావచ్చు, ఇది కాకపోతే ఇంకేముంది, అసలేమీ చేయకపోతే ఏమవుతుంది. ఈ చివరి ప్రశ్నను చాలామంది అడగరు. అడిగి చూడండి, ఒక్కోసారి డాక్టరు కూడా కాసేపు ఆగి ఆలోచిస్తారు.

రోగి నిర్ణయం అంటే రోగి అడిగిందల్లా ఇవ్వడం అని మాత్రం కాదు. వద్దనే హక్కు దాదాపు పూర్తిగా రోగిదే. ఫలానాదే కావాలని పట్టుబట్టే హక్కు అలాంటిది కాదు. వైరస్ వల్ల వచ్చిన జలుబుకు యాంటీబయాటిక్ రాయమంటే, అది పనిచేయదని చెప్పి రాయకపోవడమే సరైన వైద్యం.

ఇంకో చిక్కు ఉంది. రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ అని తేలింది. కొడుకు వరండాలోకి వచ్చి డాక్టరు చెయ్యి పట్టుకుంటాడు. "డాక్టర్ గారూ, నాన్నగారికి మాత్రం చెప్పకండి. తట్టుకోలేరు." ఆ మాట ప్రేమతో అన్నదే, దాన్ని తీసిపారేయలేం. కానీ లోపల మంచం మీద ఉన్నాయన రోజుకో పరీక్ష, నర్సుల గుసగుసలు, కోడలి ఎర్రబడ్డ కళ్లు చూస్తూనే ఉంటాడు. ఆయనకు సగం తెలుసు. తెలుసని పైకి అనలేడు, ఎందుకంటే వాళ్లు తట్టుకోలేరని ఆయన భయం. ఇలా అందరూ అందర్నీ కాపాడుకుంటూ చివరి నెలలు గడిచిపోతాయి. ఆయన చెప్పాలనుకున్న అప్పుల సంగతి, చూడాలనుకున్న మనిషి, అన్నీ అలాగే ఉండిపోతాయి.

అలాగని తలుపు తోసుకుని లోపలికెళ్లి "మీకు క్యాన్సర్" అనడం కూడా నైతికత కాదు. అనుభవం ఉన్న డాక్టర్లు ముందు రోగినే అడుగుతారు. "మీ జబ్బు వివరాలన్నీ మీతోనే మాట్లాడమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" ఆయన "వాడికి చెప్పండి, వాడు చూసుకుంటాడు" అంటే అది ఆయన నిర్ణయమే. తెలుసుకోను అనడం కూడా ఆయన హక్కే. కొడుకు ఆయన తరఫున ఆ మాట ముందే అనేయడం మాత్రం వేరే సంగతి.

ఈ అడగడం అన్నది పూర్తిగా పోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ఖైదీలమీద బలవంతపు ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్ల విచారణ ముగింపులో, 1947లో, న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. మనిషి మీద ప్రయోగం చేయాలంటే అతను ఇష్టపూర్వకంగా ఒప్పుకొని తీరాలన్నది అందులో మొట్టమొదటి మాట. ఆ తీర్పు రాసినవాళ్లు అమెరికన్ జడ్జీలు. సరిగ్గా అప్పుడే అమెరికాలోనే, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో, ప్రభుత్వ ఆరోగ్య శాఖ 1932లో మొదలుపెట్టిన అధ్యయనం నడుస్తోంది. అందులో దాదాపు 600 మంది నల్లజాతి పురుషులు. వాళ్లలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఆ సంగతి చెప్పకుండా 'మీ రక్తం చెడింది' అన్నారు. వెన్నులోంచి నీరు తీసే పరీక్షకు రమ్మని పిలుస్తూ, ఇది ప్రత్యేకమైన ఉచిత చికిత్స అని ఉత్తరాలు రాశారు. నిజానికి జబ్బు ముదిరితే ఏమవుతుందో చూడడమే వాళ్ల పని. పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని 1940లలోనే తేలింది, అయినా వీళ్లకు ఇవ్వలేదు. 1972లో పత్రికల్లో వచ్చాకే అది ఆగింది. అంటే నియమావళి రాశాక ఇంకో పాతికేళ్లు నడిచింది. నాజీలకోసం రాసిన నియమం మనలాంటి మంచివాళ్లకెందుకు అనుకున్నారేమో, అని నా అనుమానం. పరిశోధన మొదలయ్యేముందు బయటి కమిటీ చూసి ఒప్పుకోవాలన్న పద్ధతి గట్టిపడింది ఆ తర్వాతే.

గోప్యత గురించి ఒక్క ముక్క. రోగి దగ్గర విన్నది బయట చెప్పనన్న మాట రెండువేల ఏళ్లకు పైబడిన హిపోక్రటిస్ ప్రమాణంలోనే ఉంది. ఇవాళ అది ఎక్కువగా చెడేది లిఫ్టులో మాటలవల్ల, వాట్సాప్‌లో పంపే ఎక్స్‌రే ఫొటోలవల్ల. ఇంకొకరి ప్రాణానికి ముప్పున్నప్పుడు ఈ నియమానికి మినహాయింపు ఉంటుంది, ఉండాలి కూడా.

న్యాయంగా పంచడం అన్నది ఆ నాలుగు సూత్రాల్లోనూ కష్టమైనది. అమెరికా 1972లో చట్టం చేసి, దాదాపు అందరి డయాలసిస్ ఖర్చూ ప్రభుత్వమే భరించేలా చూసింది. సియాటిల్ కమిటీలాంటివాటితో పనిలేకుండా పోయింది. కానీ డబ్బుతో యంత్రాలు కొనొచ్చు, దానంగా వచ్చే గుండెలు, కాలేయాలు కొనలేం. అందుకే అవయవాల జాబితాల్లో జబ్బు తీవ్రత, రక్తం గ్రూపు, ఎదురుచూసిన కాలం వంటివి చూస్తారు. మనిషి మంచివాడా, సంపాదనపరుడా అన్నది చూడరు, చూడకూడదు.

రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే? 1975లో అమెరికాలో కేరెన్ ఆన్ క్విన్లన్ అనే 21 ఏళ్ల అమ్మాయి స్పృహ కోల్పోయి వెంటిలేటర్ మీదకు చేరింది. తిరిగి కోలుకోదని తేలాక వెంటిలేటర్ తీసేయమని తల్లిదండ్రులు అడిగారు, డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇలాంటి బతుకు తనకొద్దని ఆ అమ్మాయి ఎప్పుడో స్నేహితులతో అంది. కానీ మామూలు కబుర్లలో అన్న ఆ మాటలకు కోర్టు పెద్ద బరువు ఇవ్వలేదు. చివరికి 1976లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తండ్రికి నిర్ణయాధికారం ఇచ్చింది, ఆసుపత్రి నైతిక కమిటీని సంప్రదించమంది. వెంటిలేటర్ తీశారు. ఎవరూ ఊహించనిది, ఆ అమ్మాయి తనంతట తాను ఊపిరి తీసుకుంది. గొట్టంతో ఆహారం అందుతూ 1985 దాకా ఉంది.

ఆ కేసు తర్వాత ముందస్తు వైద్య ఆదేశం, అంటే రేపు మాట్లాడలేని స్థితి వస్తే ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే పద్ధతి, చాలా దేశాలకు పాకింది. చట్టం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి. రాసేటప్పుడు "నన్ను యంత్రాల మీద ఉంచొద్దు" అని ఊరుకుంటే డాక్టరుకు పెద్దగా ఉపయోగపడదు. న్యుమోనియా వచ్చి వారంలో కోలుకునే అవకాశం ఉన్నా వద్దా? ఏ స్థితిలో వద్దు, ఎన్నాళ్లు ప్రయత్నించి చూడొచ్చు, మీ తరఫున ఎవరు మాట్లాడాలి, ఇవి రాయాలి. ఎవరి పేరు రాస్తున్నారో వాళ్లతో ముందు కూర్చుని మాట్లాడాలి. లేకపోతే తన పేరు అందులో ఉందన్న సంగతే వాళ్లకు ఐసీయూ బయట నిలబడ్డప్పుడు తెలుస్తుంది. తర్వాత మనసు మారితే మార్చి రాయొచ్చు. అప్పుడు పాతది చించేసి, కొత్తదాని కాపీలు ఆ మనిషికీ, మిమ్మల్ని చూసే డాక్టరుకూ ఇవ్వండి.