క్రాఫ్ట్ పేపర్ కొనక్కర్లేదు, ఎక్కడ అడగాలో తెలిస్తే చాలు

హాయ్ అండీ అందరికీ. ఈ టేబుల్ మీద ఉన్న కాగితం మొత్తం ఒకసారి చూడండి, దీంట్లో ఒక్క షీటు కూడా నేను స్టేషనరీ షాపులో కొనలేదు. మొన్న మా పాప స్కూల్ ప్రాజెక్టుకి కలర్ పేపర్లు, చార్టులు, కార్డ్‌షీట్లు అని పెద్ద లిస్టు ఇచ్చారు, అవన్నీ కొని తెస్తే పిల్లలు కత్తిరించి పాడుచేసేదే సగం ఉంటుంది కదా, అందుకే ఇవాళ మన ఊళ్ళోనే కాగితం ఎక్కడ దొరుకుతుందో, ఎలా అడగాలో, తెచ్చాక ఏది దేనికి పనికొస్తుందో చూపిస్తాను.

ముందు ప్రింటింగ్ ప్రెస్. నన్నడిగితే దీన్ని మించింది లేదు. వాళ్ళు పెద్ద షీటు మీద నాలుగైదు ప్రింట్లు కలిపి వేసి, తర్వాత కటింగ్ మెషీన్ కింద పెట్టి అంచులు కోసేస్తారు, ఆ అంచులన్నీ ఇలా రెండంగుళాల, మూడంగుళాల పట్టీలుగా గోనెసంచుల్లో పడుంటాయి. బుక్‌మార్కులకి, డబ్బాల మీద లేబుల్స్‌కి, పండగ తోరణాలకి ఇవి చాలు. ఇంకా మంచిది ఇదిగో, ఇది చూడండి, కలర్ సరిగ్గా సెట్ అయ్యేదాకా మొదట్లో కొన్ని షీట్లు వేస్ట్ పోతాయి, వాటినే మళ్ళీ మళ్ళీ మెషీన్‌లో వేస్తారు కాబట్టి ఒకదాని మీద ఒకటి ప్రింట్లు పడతాయి, ఇక్కడ వినాయకుడి బొమ్మ మీద మందుల షాపు బిల్లు, దాని మీద మళ్ళీ ఎర్ర పూలు. గిఫ్ట్ చుడితే ఎంత బావుంటుందో.

కానీ అడిగే పద్ధతి ఉందండి. పొద్దున్నే బోణీ కాకముందు వెళ్ళి ఊరికే ఇమ్మని అడగకండి, మధ్యాహ్నం పైన వెళ్ళండి. ముహూర్తాల సీజన్లో వాళ్ళకి తల ఎత్తే టైం ఉండదు, మూఢమో ఆషాఢమో వచ్చినప్పుడు నిదానంగా మాట్లాడతారు. ఆ ముక్కల్ని కూడా వాళ్ళు కిలోల లెక్కన అమ్ముకుంటారు, అది వాళ్ళ డబ్బు, అందుకే "అన్నా, కిలో ఎంతకిస్తున్నారో అంతకే నాకివ్వండి" అంటాను నేను, కొంచెమే అయితే చాలామంది డబ్బులు కూడా తీసుకోరు.

శుభలేఖల షాపులో కూడా అంతే, కొత్త మోడల్స్ వచ్చాక పాత శాంపిల్ కార్డులు పక్కన పెట్టేస్తారు, పేర్లు ఏమీ ప్రింట్ అయ్యుండవు, మంచి దళసరి కార్డు, 250 నుంచి 300 జీఎస్ఎమ్ (అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) దాకా ఉంటుంది. పుస్తకాలకి అట్టలంటే నేను వీటినే వాడతాను.

జిరాక్స్ షాపులో ఒక వైపు పాడైన ఏ4 పేపర్లు ఉంటాయి. ఒక్క మాట, వాటిల్లో ఎవరివో ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు కలిసిపోయి ఉంటాయి, అవి మాత్రం తీసుకోకండి, అక్కడే చింపేయమని చెప్పండి. వేరేవాళ్ళ వివరాలు మన ఇంటికి రావడం మంచిది కాదు.

పాత పేపర్ల షాపుకి వెళ్తే తూకం లెక్క గుర్తుపెట్టుకోండి. మామూలు 75 జీఎస్ఎమ్ ఏ4 షీటు ఐదు గ్రాములు కూడా ఉండదు, అంటే కిలోకి 200 పైనే షీట్లు వస్తాయి. పరీక్షలు అయిపోయాక ఏప్రిల్‌లో వెళ్తే సగం కూడా రాయని నోట్‌బుక్కులు దొరుకుతాయి. ఇక ఇంట్లో ఉన్నవి మీకు తెలిసినవే, పాత క్యాలెండర్లు, చీరల పెట్టెలు, కొత్త చొక్కాలో పెట్టే అట్టముక్క.

ఇప్పుడు ఏది పనికిరాదో చూద్దాం. షాపు బిల్లుల్లో చాలావరకు థర్మల్ పేపరే, గోటితో ఇలా గట్టిగా గీయండి, నల్లగా గీత పడిందా, అయితే పారేయండి, దాని మీద కెమికల్ పూత ఉంటుంది, పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. మెరిసే కార్డు అయితే మూల చింపండి, పల్చటి ప్లాస్టిక్ పొర సాగుతూ వచ్చిందంటే అది అట్టకి ఓకే కానీ, కాగితం నానబెట్టి రుబ్బి బుట్టలు చేసే గుజ్జుకి పనికిరాదు, ఎన్ని రోజులు నానబెట్టినా నానదు.

సరే, ఒక నోట్‌బుక్ కుడదాం. ఒక వైపు ప్రింట్ ఉన్న ఏ4లు 50 తీసుకున్నాను. ఒక్కొక్కటీ ప్రింట్ లోపలికి వచ్చేలా సగానికి మడవండి, మడత గోటితో గట్టిగా నొక్కండి. ఇప్పుడు మడత ఉన్న వైపు బయటికి, విడిగా ఉన్న అంచులు కుట్టే వైపుకి రావాలి, చాలామంది ఇక్కడే తిరగేసి పెట్టేస్తారు, ఒకసారి చూసుకోండి. ప్రింట్ మొత్తం లోపల దాక్కుంది, మనకి 100 తెల్ల పేజీలొచ్చాయి. పైనా కిందా పెళ్ళికార్డు పెట్టి, బట్టల క్లిప్పులు బిగించి, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి దబ్బనంతో ఐదు కన్నాలు పెట్టండి, ఒకేసారి అన్నీ దిగవు, పదేసి షీట్లు చొప్పున పెట్టండి, దళసరి దారంతో ముందుకి వెనక్కి రెండుసార్లు కుట్టి ముడేయండి, అంతే.

ఇక గుజ్జుతో ఒక బుట్ట చేద్దాం. మిగిలిన తునకలు, న్యూస్‌పేపర్లు ఈ బకెట్లో మూడు రోజుల నుంచి నానుతున్నాయి, రోజూ నీళ్ళు మారుస్తున్నాను. మా అమ్మమ్మ వీటిని గుప్పెడు నానబెట్టిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బేది, నేను మిక్సీలో వేస్తాను, ఆ మెంతి జిగురే గుజ్జుని పట్టి ఉంచుతుంది. గిన్నె బోర్లించి, తడిగుడ్డ కప్పి, దాని మీద గుజ్జు అర అంగుళం మందాన ఒత్తుకుంటూ రావాలి. ఈ బుట్టలో ఉల్లిపాయలు, వెల్లుల్లి పెట్టుకోండి, పిండివంటల్లాంటివి మాత్రం నేరుగా వేయొద్దు, లోపల ఉన్నది ప్రింటు సిరా. ఎండలో పెట్టి మర్నాడు గిన్నె తీసేసి, లోపలి వైపు కూడా ఇంకో రెండు రోజులు ఎండనివ్వండి, వేలితో కొడితే టకటకమని శబ్దం రావాలి.